కుర్చీకి అధికారం ఎక్కడిది? వస్తువుల్ని నిలదీసే కళ గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒక ప్రదర్శనలో మామూలు కుర్చీలు, వంటింటి గరిటెలు, తాళంచెవులు పెట్టి, గోడ మీద "ఇవి అధికారాన్ని ప్రశ్నిస్తున్నాయి" అని రాశారు. కుర్చీకి అధికారం ఏమిటి, దాన్ని కళ ప్రశ్నించడం ఏమిటి, ఇదంతా మాటల గారడీ కాదా? ఒకవేళ కాకపోతే, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు నేనూ ఇలాంటిది చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నా పని జీవితమంతా ఇన్‌స్టలేషన్ల మధ్యే, అంటే ఒక చోట వస్తువుల్ని అమర్చి చేసే కళ మధ్యే, గడిచింది. కొంతకాలం సొంతంగా చేశాను. ఎక్కువ కాలం ఇతరులు చేసినవాటిని గ్యాలరీల్లో నిలబెట్టాను. ఇప్పుడు విద్యార్థులకు చెబుతున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి. మీ అనుమానం సబబే. గోడ మీద రాసిన వాక్యాన్ని తీసేస్తే ఏమీ మిగలని పనులు బోలెడున్నాయి. ఆ వాక్యం లేకపోయినా మనిషిని ఆపి నిలబెట్టేవి కూడా ఉన్నాయి.

ముందు అధికారం సంగతి చూద్దాం. పార్కులో బెంచీ ఉంది, దాని మధ్యలో ఒక ఇనుప కమ్మీ ఉంది. చేయి ఆనించుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ దానివల్ల ఆ బెంచీ మీద ఎవరూ పడుకోలేరు. "ఇక్కడ నిద్రపోరాదు" అని బోర్డు పెట్టాలంటే ఎవరో ఒకరు ఆ నిర్ణయం తమదేనని ఒప్పుకోవాలి. బోర్డు మీద సంతకం ఉంటుంది, శాఖ పేరు ఉంటుంది. దాని మీద ఫిర్యాదు చేయొచ్చు, పత్రికకు ఉత్తరం రాయొచ్చు. కమ్మీతో ఎవరు వాదిస్తారు? అది ఎవరినీ ఏమీ అనదు. ఇల్లు లేని మనిషి వస్తాడు, ఓసారి చూస్తాడు, వెళ్లిపోతాడు. లండన్‌లోని కామ్‌డెన్ కౌన్సిల్ 2012లో ఒక కాంక్రీటు బెంచీ పెట్టించింది. పడుకోవడానికి, స్కేట్‌బోర్డుతో ఎక్కడానికి, ఏదైనా దాచిపెట్టడానికి వీల్లేకుండా ఒక్కో వాలునూ లెక్కవేసి పోతపోశారు. చూస్తే మామూలు బండరాయిలా ఉంటుంది. నిజానికి అదొక నిబంధనల పుస్తకం.

నేను వస్తువు అధికారం అంటున్నది దీన్నే. కమ్మీలోని ఇనుముకు ఏ శక్తీ లేదు. ఎవరో తీసుకున్న నిర్ణయం దాని ఆకారంలోకి దిగిపోయింది, నిర్ణయించినవాడు కనబడకుండా పోయాడు. ఎత్తు కుర్చీ, కౌంటరు అద్దంలో చిన్న కంత, హాజరు గడియారం, యూనిఫాం, దరఖాస్తు ఫారంలోని డబ్బాలు, ఇవన్నీ ఇలాంటివే. మన ఒంటిని వంచుతాయి, నిలబెడతాయి, ఎదురుచూడమంటాయి. మనకు అలవాటైపోయి, అది ఆజ్ఞ అని కూడా గుర్తుండదు. ఈ దారిలో పనిచేసే కళాకారులు చేసేదల్లా కనబడకుండా పోయిన ఆ నిర్ణయాన్ని మళ్లీ కనబడేలా చేయడమే. 2008లో ఫాబియన్ బ్రున్సింగ్ అనే జర్మన్ కళాకారుడు ఒక బెంచీ చేశాడు. కూర్చునే చోటంతా ఇనుప ముళ్లు ఉంటాయి. యాభై సెంట్ల నాణెం వేస్తే ముళ్లు లోపలికి దిగుతాయి. గడువు అయిపోగానే హెచ్చరికగా శబ్దం వస్తుంది, ముళ్లు మళ్లీ పైకి లేస్తాయి. నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగాక మధ్యలో కమ్మీ ఉన్న మామూలు బెంచీ గుర్తొస్తే చాలు, అంతవరకే ఆ పని బాధ్యత.

ఈ విషయం ఎత్తగానే అందరూ మార్సెల్ డ్యూషాంప్ యూరినల్ దగ్గరికి వెళ్లిపోతారు. దాని గురించి రెండు మాటలే చెబుతాను. 1917లో న్యూయార్క్‌లో ఒక కళాకారుల సొసైటీ "మా దగ్గర జ్యూరీ ఉండదు, ఆరు డాలర్లు కట్టిన ఎవరి పనినైనా చూపిస్తాం" అని ప్రకటించింది. ఆర్. మట్ అనే మారుపేరుతో డ్యూషాంప్ ఒక యూరినల్ పంపాడు. డబ్బు కట్టినా దాన్ని జనానికి చూపించలేదు. ఆ సొసైటీ బోర్డులోనే ఉన్న డ్యూషాంప్ రాజీనామా చేశాడు. అసలు వస్తువు తర్వాత పోయింది, మిగిలింది ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో. నేడు మ్యూజియంలలో కనిపించేవాటిలో చాలావరకు 1964లో చేయించిన నకళ్లు. అక్కడ నిలదీతకు గురైంది నిర్వాహకుల అధికారం, యూరినల్‌తో దానికి పెద్దగా పని లేదు. ఇంకో వస్తువు పంపినా కథ దాదాపు అలాగే నడిచేది. మీ ప్రశ్నకు అంతకంటే దగ్గరి చుట్టం మ్యాన్ రే 1921లో చేసిన ఇస్త్రీపెట్టె. అడుగున నిలువుగా ఒక వరస మేకులు అంటించాడు, అంతే. బట్టను సాపు చేయాల్సింది చీల్చేస్తుంది. ఒక్క మార్పుతో ఆ వస్తువు ఇన్నాళ్లూ ఎవరి చేత ఏం చేయించుకుందో కనబడుతుంది. మెరెట్ ఓపెన్‌హైమ్ 1936లో బొచ్చు తోలు తొడిగిన కప్పూ సాసరూ స్పూనూ కూడా ఈ కోవలోకే వస్తాయి. అయితే అందులో నాకు మర్యాదను గిల్లి చూసే చిలిపితనమే ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు సరుకంతా వంటింట్లో ఉంది.

1975లో మార్తా రోస్లర్ ఆరేడు నిమిషాల వీడియో ఒకటి చేసింది. టీవీ వంటల కార్యక్రమంలోలాగా కెమెరాకు ఎదురుగా నిలబడి, ఇంగ్లీషు అక్షరక్రమంలో ఒక్కో పనిముట్టునూ తీసి పేరు చెప్పి, ఎలా వాడాలో చూపిస్తుంది. మొదట ఏప్రన్ కట్టుకుంటుంది, తర్వాత గిన్నె, ఆ తర్వాత కత్తి. ముఖంలో నవ్వు లేదు. వంట లేదు, తినే పదార్థం ఒక్కటీ కనిపించదు. గరిటెతో లేని పులుసును తోడి పక్కకు విసిరేస్తుంది. ఐసు పొడిచే సూదిని చెక్క మీద దిగేసేలా పొడుస్తుంది. చివరి అక్షరాలకు వచ్చేసరికి పనిముట్ల పేర్లు కూడా ఆగిపోతాయి, కత్తీ ఫోర్కూ పట్టుకున్న చేతులతో గాలిలోనే అక్షరాలు గీస్తుంది.

ఆ వీడియోను ఒకసారి శబ్దం లేకుండా చూడమని నా విద్యార్థులకు చెబుతాను. మీరూ చూడండి. పనిముట్లలో ఒక్కదాన్ని కూడా ఆమె మార్చలేదు. మారిందల్లా చేతి కదలికలో బలం. గరిటె పట్టుకున్న చేయి ఎంత వేగంగా, ఎంత మెత్తగా కదలాలో మనందరి తలలో ఒక కొలత ఉంది. ఆ కొలత కంటే రవ్వంత ఎక్కువైతే చాలు, చూసేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆ కొలతను మన తలలో ఎవరు పెట్టారు? ఆ పని వేసిన ప్రశ్న అది. ఒక్క ముక్క వ్యాఖ్యానం లేకుండా వేసింది.

మోనా హటూమ్ దారి వేరు, ఆమె వస్తువునే మారుస్తుంది. బీరూట్‌లో పాలస్తీనా కుటుంబంలో 1952లో పుట్టింది. 1975లో లండన్ వెళ్లినప్పుడు లెబనాన్‌లో యుద్ధం మొదలై తిరిగి రాలేక అక్కడే ఉండిపోయింది. ఇల్లు అనేది ఆమె పనుల్లో ఎప్పుడూ భద్రమైన చోటు కాకపోవడానికి ఇదొక కారణం అనుకోవచ్చు. అయితే జీవితకథతోనే అంతా వివరించేయడం నాకు నచ్చదు. 1999లో ఆమె చేసిన ఒక పనిలో పొడవాటి బల్ల మీద జల్లెడలు, తురుముడు పలకలు, కత్తెరల వంటి లోహపు వంటసామాను ఉంటుంది. వాటన్నిటినీ కరెంటు తీగలతో కలిపింది. వాటి మధ్య బల్బులు మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. తీగల్లో పారే కరెంటు గుయ్‌మనే చప్పుడును స్పీకర్లలో పెద్దదిగా వినిపిస్తుంది. బల్లకూ మనకూ మధ్య అడ్డంగా ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది, ఒళ్లు మాత్రం వెనక్కి తగ్గుతుంది. ఆ పనికి ఆమె పెట్టిన పేరు 'ఇల్లు' అని మాత్రమే. 1993లో ఆమె చేసిన పసిపిల్లల ఉక్కు మంచం ఇంకా కఠినమైనది. పరుపు ఉండాల్సిన చోట బిగించి లాగిన సన్నటి తీగలు ఉంటాయి, జున్ను కోసే తీగల్లాంటివి. అక్కడ రక్తం లేదు, బొమ్మ లేదు, ఏ సూచనా లేదు. అయినా చూసినవాళ్లు ఆ మంచంలో ఒక బిడ్డను ఊహించుకోకుండా ఉండలేరు. కాపాడాల్సిన వ్యవస్థే కోసేస్తే ఎలా ఉంటుందో వంద వాక్యాల్లో చెప్పినా అంత గుచ్చుకోదు.

హటూమ్ 2002లో తురుముడు పలకను మనిషి ఎత్తుకు మించి పెంచి గదిలో అడ్డుతెరలా నిలబెట్టింది. అదీ ప్రసిద్ధమే. నాకు మాత్రం మంచంతో పోలిస్తే తేలిక అనిపిస్తుంది. పెద్దది చేయడం అనే ఉపాయం గురించి కింద మళ్లీ మాట్లాడతాను.

వంటింటి వస్తువుల దగ్గరే ఇంకో సంగతి చెప్పాలి. వస్తువు ఎప్పుడూ ఒకే పక్షాన ఉండదు. చిలీలో 1971 డిసెంబరులో ఖాళీ గిన్నెలు మోగిస్తూ మహిళలు ఊరేగింది వామపక్ష అధ్యక్షుడు అయెందేకు వ్యతిరేకంగా. 1983 నుంచి అదే దేశంలో అవే గిన్నెలు సైనిక నియంత పినోషేకు వ్యతిరేకంగా మోగాయి. 2001లో అర్జెంటీనాలో బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసినప్పుడూ మోగాయి. 2014లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఇలాంటి నిరసన వస్తువులతో ఒక పూర్తి ప్రదర్శనే పెట్టింది. కాబట్టి "గిన్నె అంటే స్త్రీల అణచివేతకు ప్రతీక" అని మీ ప్రాజెక్టు నోటులో రాసేముందు ఒక్క క్షణం ఆగండి. ప్రతీక అనగానే అర్థం గడ్డకట్టేస్తుంది. ఆ గిన్నె ఎవరి చేతిలో, ఏ గదిలో, ఏ వేళ ఉందన్నదే అసలు సంగతి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. అందులో వస్తువు ఒక తుడుపు గుడ్డ.

1973 జులైలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో వాడ్స్‌వర్త్ అథీనియం అనే మ్యూజియంలో మియర్ల్ లేడర్‌మన్ యూకెలెస్ కొన్ని పర్ఫార్మెన్సులు చేసింది. ఒక మమ్మీ ఉన్న గాజుపెట్టెను రోజూ పారిశుధ్య కార్మికుడు తుడిచేవాడు. ఆ రోజు ముందు అతను తుడిచాడు. తర్వాత అదే గుడ్డతో యూకెలెస్ తుడిచి, తాను తుడవడం కళ అని ప్రకటించి, దాని మీద ముద్ర వేసింది. ఇప్పుడా శుభ్రమైన గాజు ఒక కళాఖండం. మ్యూజియం నిబంధన ప్రకారం కళాఖండాన్ని కార్మికుడు ముట్టుకోకూడదు, కన్సర్వేటర్, అంటే కళాఖండాల్ని సంరక్షించే నిపుణుడు, మాత్రమే శుభ్రం చేయాలి. దాంతో గుడ్డ కన్సర్వేటర్ చేతికి వెళ్లింది, అతను తుడిచాడు. ముగ్గురూ చేసింది ఒకే పని. ఒకరిది చాకిరీ, ఒకరిది కళ, ఒకరిది నిపుణుల సంరక్షణ. జీతం వేరు, గౌరవం వేరు. గాజు మాత్రం మూడుసార్లూ ఒకేలా మెరిసింది.

ఆ రోజుల్లోనే ఆమె కాపలాదారుల దగ్గర తాళాలు తీసుకుని మ్యూజియంలో గదులకు తాళం వేస్తూ తీస్తూ తిరిగింది. తాళంచెవి కాపలాదారు నడుముకు వేలాడుతున్నంతకాలం అతని అధికారం కూడా ఎవరికీ కనబడదు, అతనే కనబడడు కాబట్టి. మీరు చూసిన ప్రదర్శనలో తాళంచెవులు ఉన్నాయన్నారు. వాటిని గాజు కింద పరిచి పెట్టారా, లేక వాటితో నిజంగా ఏదైనా తలుపు తెరుచుకుంటుందా? నేనైతే మొదట అడిగే ప్రశ్న ఇది.

మ్యూజియం తలుపుల నుంచి మ్యూజియం బీరువాల దగ్గరికి వస్తే ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు ఉన్నాడు. 1992లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ తన సేకరణతో ఏమైనా చేసుకోమని అతనికి అప్పజెప్పింది. అతను కొత్త వస్తువులేవీ తయారుచేయలేదు, స్టోర్ రూములో పడి ఉన్నవాటిని బయటకు తెచ్చి చోట్లు మార్చాడు. నగిషీ చెక్కిన వెండి కూజాలు, కప్పులు ఉన్న పెట్టెలో వాటి పక్కనే బానిసల కాళ్లకు వేసిన ఇనుప సంకెళ్లు పెట్టాడు. లేబుల్ మీద మ్యూజియం భాషలోనే 'లోహపు పని, 1793–1880' అని రాశాడు. సంకెళ్లూ లోహపు పనే కదా, అబద్ధం ఎక్కడుంది? ఇంకో గదిలో అందమైన పాతకాలపు కుర్చీలను సభ తీర్చినట్టు పెట్టాడు. వాటికి ఎదురుగా మనుషుల్ని కట్టి కొరడాతో కొట్టే కొయ్య ఉంది. దానికీ లేబుల్ 'వడ్రంగం' అనే అర్థం వచ్చేదే.

ఈ పని గురించి చెప్పేటప్పుడు చాలామంది "చరిత్రలోని దాచిన నిజాన్ని బయటపెట్టాడు" అంటారు. అది సగమే. బానిసత్వం జరిగిందని ఆ మ్యూజియంకు వచ్చే ఎవరికి తెలియదు? అతను నిలదీసింది బీరువాను, లేబుల్‌ను, వరసను. ఇది వెండి సామాను గది, అది వ్యవసాయ పరికరాల గది అని విడదీసినంతకాలం ఆ వెండి కొనడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న పుట్టదు. వర్గీకరణ కూడా ఒక వస్తువే, చెక్కతో గాజుతో చేసిన వస్తువు. అంతకు ముందు ఏడాది విల్సన్ నాలుగు న్యూయార్క్ మ్యూజియంల కాపలాదారుల యూనిఫాంలను తల లేని నల్లటి బొమ్మలకు తొడిగి వరసగా నిలబెట్టాడు. యూనిఫాం తొడుక్కున్న మనిషి ముఖాన్ని సందర్శకులు చూడరు. ఆ తల తీసేసింది విల్సనా, మనమా? అతనూ ఒకప్పుడు మ్యూజియం కాపలాదారుగా పనిచేసినవాడే.

గ్యాలరీ బయటికి వెళ్లినవాళ్లలో బ్రెజిల్ కళాకారుడు సిల్డో మెయిరెలెస్ ముఖ్యుడు. 1970, సైనిక పాలన కాలం. పత్రికల మీద, రేడియో మీద సెన్సార్ ఉంది. కోకాకోలా గాజు సీసాలు అప్పట్లో తాగాక తిరిగి ఇచ్చేసేవాళ్లు, ఫ్యాక్టరీ వాటిని మళ్లీ నింపి పంపేది. మెయిరెలెస్ ఖాళీ సీసాల మీద తెల్లటి అక్షరాలతో 'యాంకీలు (అంటే అమెరికన్లు), ఇంటికి పొండి' లాంటి వాక్యాలు అచ్చువేసి వాటిని తిరిగి ఇచ్చేశాడు. ఖాళీ సీసా మీద తెల్లటి అక్షరం సరిగా కనబడదు. నల్లటి పానీయం నిండాక అచ్చు తేటగా తేలుతుంది. అంటే కంపెనీయే తన ఖర్చుతో, తన లారీలతో ఆ మాటను ఊరూరా మోసుకెళ్లే ఏర్పాటు. అలా ఎన్ని సీసాలు వెళ్లాయన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. ఆలోచన గట్టిదనం ఎక్కడుందంటే, సీసాకు ఉన్న బలం దాని రూపంలో లేదని, అది తిరిగే దారిలో ఉందని అతను పట్టుకోవడంలో. కరెన్సీ నోట్లతోనూ అదే చేశాడు. 1975 అక్టోబరులో వ్లాదిమిర్ హెర్జోగ్ అనే జర్నలిస్టు సైన్యం నిర్బంధంలో చనిపోతే ప్రభుత్వం ఆత్మహత్య అంది. మెయిరెలెస్ నోట్ల మీద 'హెర్జోగ్‌ను చంపిందెవరు?' అని రబ్బరు స్టాంపు కొట్టి ఖర్చుపెట్టేశాడు. నోటును ఎవరు చించేస్తారు? చేతిలో ఉంచుకోవాలంటే భయం, పారేయాలంటే నష్టం. కాబట్టి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ప్రశ్న అలా చేతులు మారుతూ పోతుంది.

శిల్పా గుప్తా 2008–09లో ఇటుకల్లాంటి సబ్బులతో ఒక గోడ పేర్చింది. ప్రతి సబ్బు మీదా 'ముప్పు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట నొక్కి ఉంటుంది. వచ్చినవాళ్లు ఒక సబ్బు ఇంటికి తీసుకెళ్లొచ్చు. వాడుతున్నకొద్దీ మాట అరిగిపోతుంది, ఇక్కడ గోడ తరుగుతుంది. మెయిరెలెస్ పట్టుకున్న సూత్రమే ఇందులోనూ ఉంది, కాకపోతే అక్కడ దొంగచాటు, ఇక్కడ ఆహ్వానం.

మీరు ప్రత్యేకంగా కుర్చీ గురించి అడిగారు కాబట్టి డోరిస్ సాల్సెడో గురించి చెప్పాలి. 1985 నవంబరు 6, 7 తేదీల్లో కొలంబియా రాజధాని బొగోటాలో సాయుధ గెరిల్లాలు న్యాయ భవనాన్ని ఆక్రమించారు, సైన్యం దాడి చేసింది, న్యాయమూర్తులతో సహా దాదాపు వందమంది చనిపోయారు. 2002లో అవే తేదీల్లో సాల్సెడో ఆ చోట తిరిగి కట్టిన భవనం పైకప్పు మీంచి 280 ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటిగా గోడ వెంబడి కిందికి దించింది. రెండు రోజుల పాటు అది సాగింది. ముందస్తు ప్రచారం లేదు. దారిన పోయేవాళ్లు తలెత్తి చూశారు, కొందరు ఆగారు. కుర్చీ అంటే పదవి అని మనకు వెంటనే తోస్తుంది. కానీ ఆమె కుర్చీలు ఆఫీసుల్లో వాడే మామూలు చెక్క కుర్చీలు. వాటిలో కూర్చోవాల్సిన మనిషి లేడన్నదే బరువు. పదవిని ఎగతాళి చేసే సింహాసనాలు చాలామంది చేశారు, ఇంకా చేస్తారు. ఇంత పెద్ద ప్రభుత్వ భవనం ముఖం మీద ఇంత మామూలు కుర్చీ వేలాడితే ఆ భవనం చిన్నబోతుందని ఆమె చూపించింది.

ఇంకా చెప్పుకోదగ్గవాళ్లు ఉన్నారు. టెచింగ్ షే 1980 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు తన స్టూడియోలో ఫ్యాక్టరీ హాజరు గడియారం పెట్టుకుని, పగలూ రాత్రీ గంటకోసారి కార్డు పంచ్ చేశాడు. మొత్తం 8,760 సార్లలో 133 తప్పిపోయాయి. వాటి లెక్కా రాసిపెట్టాడు. ఏ వస్తువూ తయారుచేయని కార్మికుడు, హాజరు మాత్రం పక్కా. మరీనా అబ్రమోవిచ్ 1974లో నేపుల్స్‌లో ఆరు గంటలు కదలకుండా నిలబడి, బల్ల మీద గులాబీ, తేనె, కత్తెర, తుపాకీ, తూటా సహా 72 వస్తువులు పెట్టి, వాటిని తన మీద ఎలాగైనా వాడమంది. మొదట్లో జనం మొహమాటపడ్డారు. రాత్రి గడిచేకొద్దీ బట్టలు కోశారు, చివరికి తుపాకీ ఆమె తలకు గురిపెట్టారు. చేతిలో వస్తువు ఉంటే మనిషి ఎంత దూరం వెళ్తాడో చూపించిన పని అని దాన్ని పొగుడుతారు. నిజమే, కానీ తరగతిలో ఎవరూ దాన్ని అనుకరించకూడదని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పటి వస్తువు ఫోను. సైమన్ వెకర్ట్ అనే జర్మన్ కళాకారుడు 99 సెకండ్‌హ్యాండ్ ఫోన్లను చిన్న తోపుడు బండిలో వేసుకుని, అన్నిట్లో గూగుల్ మ్యాప్స్ నడుస్తుండగా, బెర్లిన్ వీధుల్లో మెల్లగా లాక్కుంటూ నడిచాడు. దాన్ని 2020 ఫిబ్రవరిలో బయటపెట్టాడు. ఖాళీ వీధి మ్యాప్‌లో ఎర్రగా మారింది, ట్రాఫిక్ జామ్ అన్నమాట. మ్యాప్ మనకు వీధిని చూపిస్తోందనుకుంటాం. అది ఫోన్లను లెక్కపెట్టి వీధిని ఊహిస్తోందని, ఆ ఊహను నమ్మి నిజం కార్లు దారి మార్చుకుంటాయని ఒక్క తోపుడు బండి తేల్చేసింది. రోస్లర్ గరిటె తర్వాత ఇంత పొదుపైన పని అరుదుగా చూశాను.

ఇక ఏవి పనిచేయవు? నా అభిప్రాయం సూటిగా చెబుతాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. వస్తువును పదింతలు పెంచడం చాలావరకు సోమరి ఉపాయం. పెద్దది కాబట్టి ఫొటో బాగా వస్తుంది, అంతటితో సరి. వస్తువును బంగారంతో చేయడం కూడా అంతే. మారిజియో కాటెలాన్ 2016లో చేసిన బంగారు టాయిలెట్ నాకు పెద్దగా ఏమీ చెప్పలేదు, 2019లో ఇంగ్లండ్‌లోని బ్లెన్‌హైమ్ ప్యాలెస్ నుంచి దొంగలు దాన్ని పట్టుకుపోయినప్పుడు మాత్రం కొంచెం ఆసక్తి పుట్టింది. వెయ్యి వస్తువులు గుట్టపోయడం ఇంకో అలవాటు. గుట్టకు కారణం ఉండాలి. చైనా కళాకారుడు ఐ వేవే 2009లో మ్యూనిక్‌లో ఒక మ్యూజియం ముందు గోడ నిండా 9,000 పిల్లల స్కూలు బ్యాగులు అమర్చాడంటే, దానికి చైనాలో 2008 సిచువాన్ భూకంపంలో కూలిన బడుల్లో పోయిన పిల్లలు కారణం. ఆ బ్యాగుల రంగులతోనే చైనీస్ అక్షరాల్లో ఒక తల్లి మాట రాశాడు: ఈ లోకంలో నా బిడ్డ ఏడేళ్లు సంతోషంగా బతికింది, అని. అక్కడ సంఖ్య అలంకారం కాదు, లెక్క చెప్పని ప్రభుత్వానికి ఎదురు లెక్క.

మీ ప్రాజెక్టు విషయానికి వస్తే, భావం నుంచి మొదలుపెట్టకండి. "పితృస్వామ్యం మీద చేస్తాను, దానికి ఏ వస్తువు బాగుంటుంది?" అని అడిగే విద్యార్థి చివరికి పోస్టరే చేస్తాడు, మూడు కోణాల్లో కనిపించే పోస్టరు. ఏదో ఒక వస్తువును ఎంచుకుని కొన్నాళ్లు వెంటాడండి. దాన్ని ఎవరు కొన్నారు, ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకుంటే తిడతారు, ఎవరు శుభ్రం చేస్తారు, పాడైతే ఎవరి మీద పడుతుంది, అది లేకపోతే ఎవరి పని ఆగుతుంది? ఇవి రాసుకోండి. బొమ్మలు గీయడం తర్వాత. ఈ ప్రశ్నల్లో ఒకదానికి మీకు ఇబ్బంది పెట్టే జవాబు దొరుకుతుంది. మీ పని అక్కడుంది.

తర్వాత ఒకే ఒక్క మార్పు చేయండి. పదార్థం మార్చండి, లేదా చోటు, లేదా కదలిక, లేదా తిరిగే దారి, లేదా పక్కనున్న వస్తువు. రెండు మార్చారంటే చూసేవాళ్లకు ఏది ప్రశ్నో అర్థం కాదు. మ్యాన్ రే మేకులు మాత్రమే అంటించాడు. వాడిన వస్తువునే తీసుకోండి. కొత్తగా కొన్న కుర్చీకి అంచులు అరిగి ఉండవు, చేతులు ఆనిన చోట మెరుపు ఉండదు. మీరు రాయాల్సిన సగం మాటలు ఆ అరుగుదలే చెబుతుంది. అయితే ఆ వస్తువు ఎవరిదో వారి అనుమతి అడగండి, దానితో ఏం చేస్తారో ముందే చెప్పండి. పనివాళ్ల పనిముట్లు ఊరికే తీసుకొచ్చి గ్యాలరీలో పెట్టి వాళ్ల కష్టం గురించి మాట్లాడటం నాకు చాలా చిరాకు పుట్టించే అలవాటు. యూకెలెస్ కార్మికుడి గుడ్డ తీసుకుంది నిజమే, కానీ అతన్ని పక్కనే నిలబెట్టుకుని, తానూ తుడిచింది.

కరెంటు, పదును, బరువు ఉన్న పనులైతే అడ్డుకట్టను కూడా పనిలో భాగంగానే ఆలోచించండి. ఆఖరి నిమిషంలో తాడు కట్టి 'తాకరాదు' అని కాగితం అంటిస్తే, మీ ఇన్‌స్టలేషన్‌లో అన్నిటికంటే అధికారం చూపే వస్తువు ఆ తాడే అవుతుంది. హటూమ్ ఉక్కు తీగల్ని ఎందుకు అంత శ్రద్ధగా కట్టిందో అప్పుడు తెలుస్తుంది. తాకనిస్తారా లేదా అన్నది మొదటి రోజే తేల్చుకోండి.

గోడ మీద ఏం రాయాలి? వస్తువు పేరు, ఎక్కడిది, ఎవరు వాడారు, ఎన్నేళ్ల పాటు, ఇంతే రాయండి. 'ప్రశ్నిస్తుంది', 'ధిక్కరిస్తుంది' అనే క్రియలు వాడకండి. మీ తరగతిలో సంబంధం లేని ఇద్దరు ముగ్గుర్ని తీసుకొచ్చి, ఏమీ చెప్పకుండా ఆ వస్తువు ముందు నిలబెట్టండి, వాళ్ల చేతులు, కాళ్లు ఏం చేస్తున్నాయో గమనించండి. కూర్చోబోయి ఆగారా, పక్కకు తప్పుకున్నారా, చుట్టూ తిరిగి వెనకవైపు చూశారా? ఏమీ చేయకుండా నేరుగా లేబుల్ దగ్గరికి వెళ్లిపోతే వస్తువుతో ఇంకా పని మిగిలి ఉందని అర్థం, లేబుల్‌ను మాత్రం ముట్టుకోకండి.